నక్కకు తగిన తోటా

నా చిన్నప్పుడు ఇరవై నక్కల్ని తుపాకితో కాల్చి పడేశానని నాటింగ్‌హామ్‌లో మా పక్కింటాయనకు చెప్పాను. మొదలుపెట్టినప్పుడు అవి పన్నెండే. ఆయన రెండో కప్పు టీ పోసుకునేసరికి పదిహేనయ్యాయి, బిస్కెట్ల డబ్బా మూత తీసేసరికి ఇరవై దగ్గర నిలబడ్డాయి. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, అంకెలంటే నాకు భయం లేదు. అసలు సంఖ్య కూడా చెబుతాను, తొందరపడకండి.

అది రెండువేల మూడో సంవత్సరం. మా అబ్బాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోడలు సర్జరీలో, అంటే అక్కడి పేటల్లో ఉండే క్లినిక్‌లో, డాక్టరు. నాటింగ్‌హామ్ దాటి కొంచెం దూరం పోతే వచ్చే ఒక చిన్న ఊళ్లో, చివరి ఇల్లు మాది. మా పెరటి కంచె అవతల మూడెకరాల గడ్డినేల, అందులో ఒక కోళ్ల గూడు. ఆ నేల, ఆ కోళ్లు మా పక్కింటాయనవి. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆడా మగా తేడా లేకుండా అందరినీ 'డక్' అని పిలుస్తాడు. అంటే బాతు అని కాదు, ఆ ప్రాంతంలో అది మన 'నాయనా' లాంటి మాట. డెబ్బై ఏళ్ల లెక్కల మాస్టార్ని నన్ను కూడా డక్ అనే పిలిచేవాడు, నాకు బాగానే ఉండేది.

ఆ కోళ్లను పెంచింది ఆయన భార్య. ఆమె పోయాక వాటి బాధ్యత ఈయన మీద పడింది. ఒక్కదాని పేరూ గుర్తుండక, తను నడిపిన బస్సుల నంబర్లు పెట్టుకున్నాడు. పొద్దున్నే గింజలు చల్లుతూ "నలభై మూడూ, ఇట్రా. పదిహేడు, నువ్వు తర్వాత" అని కేకలేసేవాడు. మొత్తం పద్ధెనిమిది కోళ్లు. ఆ వసంతంలో నక్క మరిగింది. నెల తిరిగేసరికి ఏడు మిగిలాయి. ఆ నెలలోనే ఒకరోజు పొద్దున మా తలుపు కొట్టి "నలభై మూడు కూడా పోయింది" అన్నాడు. అది ఆయన భార్య ఒళ్లో కూర్చుని టీవీ చూసిన కోడి. ఆ మాట చెప్పి, చేతిలో ఉన్న గింజల గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియక మా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అలాంటి మనిషికి ధైర్యం చెప్పాలి కదా. నేను నక్కల కథ ఎత్తుకున్నది అందుకే. ధైర్యం చెప్పడం వరకు మంచిదే, ఇరవై దాకా పోవడమే ఎక్కువైంది.

నక్కల వేటకు కుక్కల్ని తోలడం ఆపాలా వద్దా అని ఆ రోజుల్లో టీవీలో ఒకటే వాదులాట. ఆయనకు కుక్కలూ లేవు, గుర్రాలూ లేవు. రైఫిలు కొనుక్కుంటానన్నాడు. బస్సు స్టీరింగు తప్ప మరోటి పట్టి ఎరగడు. రైఫిలు కావాలంటే ఆ దేశంలో ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ రైఫిలు, దేన్ని కాల్చడానికి, ఏ నేలలో, అన్నీ రాయాలి. ఫారం, తుపాకుల పత్రిక ఒకటి పట్టుకొచ్చి మా వంటింటి బల్ల మీద పరిచాడు. మూడు బొమ్మల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. మొదటిది కుందేళ్లకు వాడే చిన్న రైఫిలు, దాని తోటా నా చిటికెన వేలి కొసంత. రెండోది నక్కల కోసమే చాలామంది కొనేదట, సన్నటి గుండు, మహా వేగం. మూడోది జింకల్ని పడగొట్టేది, తోటా నా చూపుడు వేలంత పొడవు.

"ఇరవై కొట్టినవాడివి, నువ్వే చెప్పు డక్" అన్నాడు.

నాకు తెలియదు అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, మూడో బొమ్మ మీద వేలు వేశాను. నక్క మొండి ప్రాణి అనీ, చిన్న దెబ్బకు లొంగదనీ, పెద్దదే తీసుకోమనీ చెప్పాను. ఆయన అక్కడికక్కడే ఫారంలో రాసేశాడు. గుండ్రటి అక్షరాలతో, తప్పు పోకుండా, నేను చెప్పినట్టే.

సాయంత్రం కాకముందే మళ్లీ పిలిచాడు. ఫారం పోస్టులో వేసేముందు, కాల్చే చోటు ఒకసారి చూసి సరేనంటే చాలన్నాడు. వెళ్లాను. గేటు మీద తన చేతికర్రను రైఫిల్లా ఆనించి, ఒక కన్ను మూసి చూపించాడు. నక్క వచ్చేది ఎదుటి పొదల కంచెలోని సందులోంచి. పత్రికలో వేటగాళ్ల ఫోటోల్లో నిలబడినట్టు నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆయన భుజం మీదుగా వంగి కర్ర వెంట చూశాను.

ఆ సందులో ఎర్రగా ఏదో కదిలింది. నక్కేమో అనుకున్నాను. మా మనవరాలి స్కూలు స్వెటర్ అది. కంచె అవతల ఊరివాళ్లంతా నడిచే కాలిబాట ఉంది. మా మనవరాలు పదకొండేళ్లది, రోజూ నాలుగింటికి బస్సు దిగి ఆ బాటన నడిచి ఇంటికి వస్తుంది. కర్ర కొసకు తిన్నగా ఆగి, నన్ను చూసి చెయ్యి ఊపింది.

నా చెయ్యి లేవలేదు. అరవై ఏళ్ల కిందట ఒకసారి ఇలాగే అయింది. ఆ రోజు మా తాతయ్య నాకు ఒక పని చెప్పాడు. ఆ పని నేను ఎవరికీ, ఏ కథలోనూ చెప్పలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు కాబట్టి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. చిత్తూరు జిల్లాలో మెట్టపొలాల ఊరు మాది. మా తాతయ్యకు ఆరు తుపాకులుండేవి. ఆరు కాదు, రెండు. రెండూ కాదు, ఒకటే, జోడు గొట్టాలది. లైసెన్సుది మాత్రం నిజం. మా పక్కింటి అక్క మేకల్ని పెంచుకునేది. మొగుడు పోయి ఏడాది కాలేదు, ఆ మేకలే ఆమెకు ఆధారం. ఆ చలికాలం నక్క ఒకటి ఊరి చివర కానుగ పొదల కింద బొరియ చేసుకుని, తెల్లవారగానే వచ్చి మేకపిల్లల్ని ఎత్తుకుపోతూ ఉంది. ఐదు పిల్లల్లో మూడు పోయాయి. అక్క ఏడవలేదు. మిగిలిన రెండు పిల్లల్నీ రోజంతా నడుముకు తాడుతో కట్టుకుని పని చేసుకునేది. అది చూసి మా తాతయ్య తుపాకి దించాడు.

అరుగు మీద గోనెపట్ట పరిచి, నాలుగు తోటాలు వరుసగా పెట్టాడు. ఒకదానిలో ఆవగింజలంత గుండ్లు, పిట్టలకు. ఇంకొకదానిలో మిరియాలంత గుండ్లు. మూడోదానిలో శనగగింజలంత. నాలుగో దానిలో ఒకే ఒక్క గుండు, నిమ్మపిందె అంత. అది అడవిపందికి.

"నక్కకు ఏది రా?" అన్నాడు.

ఇది అడగాలా అనిపించింది. ఒంటిగుండుది చటుక్కున తీశాను. బరువుగా, చల్లగా, అరచేతిలో ఎంతో గొప్పగా ఉంది. తాతయ్య కాదనలేదు. నవ్వలేదు. నన్ను పొలానికి తీసుకుపోయి, మేకల దొడ్డి దగ్గర నిలబెట్టి, చెయ్యి చాపి బొరియ వైపు చూపించాడు.

"నక్క ఆడుంటాది. గుండు నక్కతోనే నిలిచిపోదు, తగిలినా పోతాది, తప్పినా పోతాది. నువ్వు గుండు మాదిరి తిన్నగా పో. దాన్ని ఆపేది యాడ కనపడితే ఆడ ఈ తోటా పెట్టిరా."

ఇంతేనా అనుకుని, అంగలు లెక్కపెట్టుకుంటూ బయల్దేరాను. బొరియ దాటాను. కానుగ పొదలు, ఆకులే తప్ప ఏమీ లేదు. కిత్తనార కంచె వచ్చింది, తోటా అక్కడ పెట్టబోయి ఒక మట్టను గోటితో నొక్కి చూశాను. మెత్తగా దిగిపోయింది. దాన్ని దాటితే బండిబాట. బాట మీద ఎవరూ లేరుగాని ఎద్దుల పేడ ఇంకా పొగలు కక్కుతూ ఉంది, ఎవరో ఇప్పుడే పోయారు. బాట అవతల శనక్కాయల చేను, అరచేతిలా చదునుగా ఉంది. గట్టు లేదు, బండ లేదు, చెట్టు మాను లేదు. నడుస్తూనే ఉన్నాను. చేతిలో తోటా వేడెక్కింది. చెమటతో జారుతుంటే చొక్కాకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను.

చేనులో కలుపు తీస్తూ మా పక్కింటి అక్క వంగి ఉంది. నడుముకు రెండు మేకపిల్లలు. నేను నడిచి వచ్చిన గీత తిన్నగా వెళ్లి ఆమెను తాకింది. ఆమె లేచి నిలబడి నుదురు తుడుచుకుంది.

"ఏంరా, చేతిలో ఏముండాది?"

"తోటా."

"ఎవురికి?"

నక్కకు అనాలి. గుప్పిట మూసేసుకున్నాను. ఆమె నా ముఖం చూసి, వెనక్కి తిరిగి కానుగల వైపు చూసి, మళ్లీ నన్ను చూసింది.

"నక్కకా? నక్క ఆడుంటే ఈడిదాకా ఎందుకు మోసుకొచ్చినావు?"

నేను ఏడ్చేశాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఒడిలోంచి నాలుగు పచ్చి శనక్కాయలు తీసి నా చొక్కా జేబులో పోసి, పొమ్మని వీపు మీద తట్టింది.

తిరిగొచ్చాక తాతయ్య ఒకే మాట అడిగాడు, ఆపేది కనపడిందా అని. అక్క కనపడింది అన్నాను. ఆయన తోటా తీసుకుని, దానికంటిన నా చెమట తుడిచి, సంచిలో వేశాడు. నేను భయపడి ఆవగింజలది తీశాను. దానికి మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"దాంతో కొడితే నక్క చావదు. ఒంటినిండా చీము పట్టి, పది దినాలు పొదలో పడి మూలుగుతాది. మనకు దాని మింద కోపమే గాని పగ లేదు కదరా."

కడకు మిరియాలది. అది ముప్పై అంగల లోపల పని చేస్తుందనీ, అంతకు మించితే చెయ్యదనీ చెప్పాడు. కాబట్టి నక్కను దగ్గరకు రానివ్వాలి. మరి వెనకాల అక్క ఉంటే ఎలా? తాతయ్య పొలంలో మంచె చోటు మార్చాడు. చేనుకు వీపు పెట్టి, పైనుంచి కిందికి చూసేటట్టు కట్టాడు. గుండ్లు ఎటు పోయినా నేలే మింగాలి. జంతువును చూసి తుపాకి ఎంచుకోవడం అందరూ చేస్తారు. నేలను చూసి, మనుషుల్ని చూసి, ఆ తర్వాతే జంతువును చూడాలి. ఇది ఆయన చెప్పిన మాట కాదు, మంచె తాళ్లు బిగిస్తుంటే నాకు అర్థమైన మాట.

మర్నాడు తెల్లవారి వెలుగొచ్చాక నక్క వచ్చింది. ముప్పై అంగలకు వచ్చింది. కాల్చింది నేనేనని తర్వాత బళ్లో చెప్పుకున్నాను, కాలేజీలో చెప్పుకున్నాను, పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకున్నాను. కాల్చింది మా తాతయ్య. నేను రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. కాబట్టి చూశానని చెప్పడం కూడా అబద్ధమే.

ఇదంతా గేటు దగ్గర నిలబడి, మనవరాలి చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే నాకు గుర్తొచ్చింది. పక్కింటాయన తల తిప్పి ఏమైంది డక్ అన్నాడు. ఫారం ఎక్కడ అని అడిగాను. కోటు జేబులో ఉంది, కవరుకు స్టాంపు కూడా అంటించేశాడు. నాతో నడవమన్నాను. వెంట వచ్చాడు. కోళ్ల గూడు దాటాం, కంచె సందులో దూరాం, ఆ దూరడంలో నా ప్యాంటు చిరిగింది. అవతల బాట మీద మా మనవరాలు నడుములపై చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"తాతయ్యా, వాట్ ఆర్ యూ టూ డూయింగ్?"

గుండు ఎక్కడ ఆగుతుందో చూడటానికి వచ్చామన్నాను. పక్కింటాయన వెనక్కి తిరిగి తన గేటును చూశాడు. పిల్లను చూశాడు. మళ్లీ గేటును చూశాడు. ఇంక దాచేది ఏముంది? ఇరవై నక్కల సంగతి ఇద్దరికీ ఇంగ్లీషులోనే చెప్పేశాను. తుపాకి నాది కాదు, పేల్చింది నేను కాదు, తుపాకి ఎంచుకోవడం నాకు రాదు అని.

నాకు భయం వేసింది పక్కింటాయన గురించి కాదు. ఆ ఇరవై కథను పక్కనే కూర్చుని విన్న మా మనవరాలు తాతయ్య మీద స్కూల్లో వ్యాసం రాసింది, టీచరు దాన్ని క్లాసు గోడకు అంటించింది. పైన నా బొమ్మ, కింద వరుసగా ఇరవై నక్కలు, ఒక్కోదానికి వేరే రంగు తోక.

"సో హౌ మెనీ?" అంది.

"ఒకటి కూడా లేదమ్మా."

ఆ పిల్ల బ్యాగు భుజాన సర్దుకుని ఇంటివైపు వెళ్లిపోయింది. ఆ నడక చూస్తే ఇంక నాతో మాట్లాడదనే అనిపించింది.

పక్కింటాయన మాత్రం కవరు తీసి రెండుగా చించాడు. స్టాంపు ఉన్న ముక్కను జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాననీ, వెనక అద్దం చూడకుండా ఏనాడూ బండి కదిలించలేదనీ, తుపాకి అనేసరికి ఆ బుద్ధి ఎటు పోయిందోననీ అన్నాడు. "నువ్వు అబద్ధాలకోరువి డక్, కానీ చాలా ఉపయోగపడే అబద్ధాలకోరువి." నేను ఒప్పుకున్నాను.

ఆ వారమే ఇద్దరం నాటింగ్‌హామ్‌లో తుపాకుల షాపుకు వెళ్లాం. నేను నోరు విప్పనని ముందే మాటిచ్చాను. షాపాయన నేల ఎలా ఉంటుందని ఒక్క ప్రశ్న అడిగి, చదును అనగానే రైఫిళ్ల వైపు చూడనైనా చూడలేదు. జోడు గొట్టాల తుపాకి చూపించి, దానికి నక్కలకు వాడే లావు గుండ్ల తోటాలు వేరుగా ఉంటాయనీ, ముప్పై గజాలు దాటితే వేలు కదపొద్దనీ చెప్పాడు. తోటా కోసి ఉంచిన నమూనా ఒకటి బల్ల మీద ఉంది. లోపల గుండ్లు సరిగ్గా మిరియాలంత ఉన్నాయి. మాటిచ్చాను కాబట్టి ఊరుకున్నాను. అంత కష్టం నా జీవితంలో పడలేదు.

లైసెన్సు వచ్చాక, కాలిబాట వైపు కంచె పక్కన గడ్డిమోపులు పేర్చి, బాటకు వీపు పెట్టి, కిందికి చూసేలా మంచె లాంటిది కట్టుకున్నాం. మా కోడలు రోజూ ఫ్లాస్కుల్లో టీ పంపింది. నాలుగో ఉదయం నక్క పడింది. ఆయనే కొట్టాడు. మిగిలిన ఏడు కోళ్లూ దక్కాయి. పదిహేడు నంబరు కోడి పెట్టిన గుడ్లు మా ఇంటికి ప్రతి శనివారం వచ్చేవి.

మా మనవరాలి కోపం రెండు రోజులుంది. మూడో రోజు వచ్చి నా మంచం మీద కూర్చుని, అసలు జరిగింది మొదటినుంచి చెప్పమంది. పెంచకుండా, కలపకుండా చెప్పాను. అక్క దగ్గర ఏడ్చింది చెప్పాను, చెవుల్లో వేళ్లు చెప్పాను. మర్నాడు గోడ మీది కాగితం తెచ్చేసి, నక్కలన్నిటినీ కత్తిరించి పారేసి, ఆ చోట ఒక పిల్లాణ్ణి గీసింది. వాడు చేతిలో ఏదో పట్టుకుని నడుస్తున్నాడు, ఎదురుగా చాలా ఖాళీ, ఆ చివర ఒక ఆమె, రెండు మేకపిల్లలు. గీస్తూ గీస్తూ తలెత్తి, ఆ దూరం ఎంత అని అడిగింది.

అరవై ఏళ్లుగా ఎన్నో చోట్ల ఎన్నో కథలు చెప్పాను. నక్కలు పెరిగాయి, తుపాకులు పెరిగాయి, ఇప్పుడు ఈ వయసులో కూడా కూర్చుంటే పులిని కూడా తీసుకురాగలను. కానీ ఏ పని మొదలుపెట్టబోయినా, ఎవరికి ఏ సలహా చెప్పబోయినా, ఒక్క నిమిషం ఆగి ఆ చేనులో నడిచి వస్తాను. వీపు మీద అక్క తట్టిన చెయ్యి ఇప్పటికీ తెలుస్తుంది. అందుకే ఆ సంఖ్య ఒక్కటి నా చేతుల్లో ఎప్పుడూ పెరగలేదు, తరగలేదు.

"నాలుగు వందల పన్నెండు అంగలు" అన్నాను.

మా మనవరాలు కాసేపు నా కళ్లలోకి అనుమానంగా చూసింది. తర్వాత పెన్సిల్ తీసుకుని, పిల్లాడికీ ఆమెకూ మధ్య ఉన్న ఖాళీలో ఆ అంకె రాసింది.